కాదనడానికి తల

దువ్వెన చెవి దాకా వచ్చి ఆగింది. కుర్చీకి బిగించిన మోటారు ఊతంలో దువ్వెన పట్టిన ఆమె కుడిచెయ్యి ఆనుకుని ఉంది. నుదుటి పట్టీలో ఉన్న బిళ్ళ తల కదలికను పసిగడుతుంది. తల ఎత్తితే చెయ్యి లేస్తుంది, పక్కకు తిప్పితే పక్కకు పోతుంది.

"ఇలా ఇవ్వక్కా, నేను దువ్వుతా," అంది చెల్లెలు.

ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. చెయ్యి అటూ ఇటూ విసురుగా ఊగి, దువ్వెన ఎగిరి కిటికీ కింద పడింది. చెల్లెలు ఫక్కున నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసినన్నాళ్ళూ తోటివాళ్ళు ఆమెను 'ఊహూఁ అక్క' అనేవారు. చిరిగిన దుప్పటిని మడతలో దాచి పంపమంటే ఊహూఁ. వచ్చిన పెళ్ళి సంబంధాలన్నిటికీ ఊహూఁ. వాదించేది కాదు, తల ఊపి పనిలో పడిపోయేది. కండరాలు చచ్చుబడి ఇస్త్రీపెట్టె లేవని రోజున సూపర్‌వైజర్ ఇంటికి వెళ్ళమంటే, తల ఊపి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది.

మధ్యాహ్నం ఊతాన్ని సరిచూడడానికి మెకానిక్ వచ్చాడు.

"ఈ పట్టీ పీకెయ్ బాబూ. కాలి బొటనవేలికి మార్చు."

"తలతో అయితేనే తేలికమ్మా. వేలితో చాలా కష్టం. మీద ఒలకబోసుకుంటారు."

"ఒలికితే తుడుచుకుంటాం. కాదని చెప్పడానికి నా తల నాక్కావాలి."

అతను కాసేపు గొణిగి, కింద కూర్చుని ఆమె పాదం కింద మీట అమర్చి వెళ్ళాడు. చెల్లెలు స్టీలు గ్లాసును ఆమె అరచేతికి పట్టీతో బిగించింది. మొదటిసారి నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. రెండోసారి గడ్డం మీద. చెల్లెలు సాయానికి చెయ్యి చాచింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఊతం ఇసుమంత కూడా కదల్లేదు. ఆనందం పట్టలేక మళ్ళీ ఊపింది.

"చూశావుటే?"

పొద్దు వాలేసరికి ఆయాసం ఎక్కువైంది. ఛాతీ కండరాలూ లొంగిపోతున్నాయని డాక్టరు ముందే చెప్పాడు.

"ఆసుపత్రికి పోదాం అక్కా. ఊపిరికి గొట్టం వేస్తే ఇంకొన్నాళ్ళు..."

ఆమె చెల్లెలి కళ్ళలోకి చూస్తూ, నిదానంగా, అనుమానానికి తావులేకుండా తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళు పొయ్యి."

చెల్లెలు కళ్ళు తుడుచుకుని పోసింది. బొటనవేలు మీటను నొక్కింది. గ్లాసు వణక్కుండా పెదాల దాకా లేచింది. ఈసారి చుక్క కూడా ఒలకలేదు. రెండు గుక్కలు తాగి ఆమె కళ్ళు మూసుకుంది. అలసిందేమో అనుకుని చెల్లెలు వెళ్ళి దీపం వేసి వచ్చింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే ఊపిరి లేదు.

సగం నీళ్ళున్న గ్లాసు మాత్రం ఆమె ఎత్తుకున్న చోటే, గాలిలో నిలిచి ఉంది.