కారం మిల్లులో ఇనపజాలీ

నేను ఒక ఇనపజాలీని. తిరిగే బెల్టులో మనుషుల చేతులు పడకుండా అడ్డం నిలబడడమే నా పని. మిషన్లకు రక్షణ లేకపోతే మిల్లు మూయిస్తామని సర్కారు నోటీసు వచ్చిన వారంలో, నరసరావుపేట దగ్గర ఒక కారం మిల్లు కోసం వెల్డింగు దావూదు నన్ను తయారుచేశాడు. యజమాని బ్రహ్మయ్య నన్ను బోల్టులతో బిగించాడు.

ఆ మిషన్‌లో మిరపకాయలు పోసే మనిషి సౌభాగ్యం. భర్త పోయాక పదకొండేళ్లుగా ఆ ఘాటులోనే బతుకుతోంది. బెల్టు జారినప్పుడల్లా నన్ను విప్పి, సరిచేసి, మళ్లీ బిగించాలి. ఈలోగా బయట కారం పట్టించుకోవడానికి వచ్చిన జనం కేకలు. మూడో రోజుకే ఆమెకు విసుగొచ్చింది.

“తీసి అవతల పెట్టయ్యా దీన్ని. నా చేతులు నాకు తెలవవా? నేనేమన్నా పసిపిల్లనా?”

“నీ ఇష్టం సౌభాగ్యం. తర్వాత నన్ననమాక,” అన్నాడు బ్రహ్మయ్య. ఆ మాట కోసమే కాచుకున్నట్టు వెంటనే విప్పేశాడు.

నన్ను గోడకు ఆనించారు. తనిఖీ అధికారి వచ్చే ముందు ఫోను చేసేవాడు. ఆ పూట మాత్రం నన్ను నా చోట బిగించేవారు. ఆయన నన్ను చూసి, కాగితం మీద టిక్కు పెట్టి, నిమ్మసోడా తాగి వెళ్లేవాడు.

పచ్చళ్ల కాలం వచ్చింది. మిల్లు ముందు ఒకటే రద్దీ. జారుతున్న బెల్టును సౌభాగ్యం మిషన్ ఆపకుండానే చేత్తో నెట్టబోయింది. కుడిచెయ్యి లోపలికి పోయింది. ఆ చప్పుడులో ఆమె అరుపు కాసేపటిదాకా ఎవరికీ వినపడలేదు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను.

ఆమెను ఆటో ఎక్కించాక బ్రహ్మయ్య చేసిన మొదటి పని నన్ను తుడిచి బిగించడం. తర్వాతి సంగతులు మిల్లు ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఆస్పత్రిలో బ్రహ్మయ్య ఆమె మంచం పక్కన కూర్చుని, “జాలీ లేదంటే మిల్లు మూస్తారమ్మా. ఆరుగురు ఆడోళ్లు రోడ్డున పడతారు,” అన్నాడట. అధికారి అడిగితే సౌభాగ్యం, “ఉందయ్యా. నేనే విప్పి చెయ్యి పెట్టా,” అందట. తప్పు ఆమెదేనని రాసుకున్నారు. పరిహారం రాలేదు.

మూడు నెలలకు, మణికట్టు దాకా పోయిన చేతిని కొంగులో దాచుకుని పని అడగడానికి వచ్చింది.

“ఒంటిచేతి మనిషిని మిషన్ కాడ పెడితే రూలు ఒప్పుకోదు సౌభాగ్యం,” అన్నాడు బ్రహ్మయ్య, నా మీద చెయ్యి ఆనించి.

ఆమె వసారాలో పోసిన మిరపకాయల వంక చూసింది.

“తొడిమలు తియ్యడానికి రూలేం లేదుగా అయ్యా?”

“దానికేం లేదు.”

గంప ముందుకు లాక్కుని కూర్చుంది. కాయను మోకాళ్ల మధ్య ఇరికించి, ఎడమచేత్తో తొడిమ తుంచబోయింది. కాయ జారిపోయింది. వంగి మళ్లీ తీసుకుంది.