ఎటు ఉరకాలె

పదిన్నరకు సైరన్ మోగాలి. హేమలత పదీ ఇరవై నుంచే ఫోన్‌లో టైం చూసుకుంటూ గుట్టకింది తండా బడి ముందు అటూ ఇటూ తిరుగుతోంది. గోదావరి ఒడ్డున కట్టిన అణువిద్యుత్ కేంద్రానికి ఈ తండా తొమ్మిది కిలోమీటర్లు. ప్రమాదం జరిగితే చుట్టుపక్కల ఊళ్లను ఎట్లా కాపాడాలో రెండేళ్లకోసారి ప్రాక్టీసు చేయాలి. అది సరిగ్గా జరుగుతోందా లేదా చూడటానికి ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వచ్చింది. డిప్యూటీ తహసీల్దారు హేమలతకు ఈ తండాలో పరిశీలన డ్యూటీ వేశారు. ఆమె చేతిలో ఒక ఫారం. మొదటి గడి: సైరన్ ఎన్నింటికి వినిపించింది?

పదిన్నర అయింది. ఇంకో అయిదు నిమిషాలు గడిచాయి. గుట్ట మీది ఇనప స్తంభానికి నాలుగు హారన్లు ఉన్నాయి. ఒక్కటీ కూయలేదు.

అయినా, సైరన్ మోగగానే ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకోవాలన్న రూలు ప్రకారం తండాలో తలుపులన్నీ టకటకా మూసుకున్నాయి. పదకొండుంబావుకు బస్సు రాగానే మళ్లీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు పెళ్లికి పోతున్నట్టు మంచి చీరలు కట్టుకుని, సంచులు పట్టుకుని వరసగా బస్సెక్కారు.

"సైరన్ మోగనే లేదు గదా, టైమైందని మీకెట్ల తెలిసింది?" అని సర్పంచ్ బలరాంను అడిగింది హేమలత.

"నిన్ననే చాటింపు ఏపిచ్చినం మేడం. మోగినా మోగకున్నా ఎక్కుతరు" అన్నాడు బలరాం సంబరంగా.

బస్సులో సగం సీట్లు ఖాళీ. "మిగతావాళ్లేరి?"

"మిర్చి ఏరవోయిండ్రు. అడవి అంచున చేన్లు. ఆడ ఫోన్లు గూడ పనిచెయ్యయి."

కంట్రోల్ రూంకి ఫోన్ చేస్తే, "మాకు స్క్రీన్ మీద మోగినట్టే చూపిస్తోంది మేడం" అన్నాడు అవతలి మనిషి.

మధ్యాహ్నం తనిఖీ బృందంతో మీటింగుకు ముందు ఆర్డీవో ఆమెను పక్కకు పిలిచాడు. "హేమలతా, పదిన్నర అని రాసెయ్యమ్మా. బ్యాటరీ పోయి ఉంటుంది, రేపే మార్పిస్తాను. ఒక్క గడి కోసం జిల్లా పేరంతా పోగొట్టుకుంటామా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆమెకు ఉద్యోగం పర్మినెంటు కావడానికి సంతకం పెట్టిందీ ఆయనే. హేమలత కుర్చీలో కూర్చోలేకపోయింది. లేచి నీళ్లు తాగింది, కిటికీ దాకా పోయి వచ్చింది. చివరికి గడిలో 'వినిపించలేదు' అని రాసి ఇచ్చేసింది.

తనిఖీ బృందం పెద్ద పద్మప్రియ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "మీరు ఎంత దూరంలో ఉన్నారు?"

"స్తంభం కిందనే ఉన్న మేడం."



మూడు వారాలకు అణువిద్యుత్ కేంద్రం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సైరన్ బాగుచేశామనీ, పరిశీలకురాలు ధ్రువీకరించి సంతకం చేయాలనీ. ముందుగా చెప్తే మళ్లీ చాటింపే అవుతుందనిపించింది హేమలతకు. ఎవరికీ చెప్పకుండా మోగించి చూస్తానని ఆర్డీవోను అడిగింది. ఆయన అయిష్టంగానే అనుమతి రాసిచ్చాడు.

మర్నాడు పదకొండింటికి గుట్ట మీద మెకానిక్ మీట నొక్కే వేళకు ఆమె అడవి అంచున మిర్చి చేనులో ఉంది. నలభై మంది ఆడవాళ్లు, కొంగులు ముక్కులకు అడ్డం కట్టుకుని కాయ ఏరుతున్నారు. ఆమె ఎందుకొచ్చిందో వాళ్లకు తెలియదు.

సైరన్ మోగింది. మూడు కిలోమీటర్ల దూరం నుంచి కూడా గుండెలో దిగింది.

సోమ్లి అనే పెద్దావిడ నడుం ఎత్తి ఒక్క క్షణం విన్నది. తమ లంబాడీ భాషలో పిల్లల పేర్లు అరిచి, బుట్ట విసిరేసి ఉరికింది. ఆమె వెనకే అందరూ. అడవి వైపు కాదు, తండా వైపు. అంటే ప్లాంటు వైపు.

"ఆగండ్రి! ఉత్త టెస్టే ఇది!" హేమలత అరుస్తూ వెంటపడింది. ఆ కూతలో ఎవరికీ వినపడలేదు. కాలువ దాటేచోట వాళ్లలో రూప్లి అనే ఆమె కాలు జారి చేతి మీద పడింది.

బడి దగ్గరికి వచ్చేసరికి టీచరు రూలు ప్రకారం తలుపుకు లోపల గొళ్లెం పెట్టుకున్నాడు. లోపల పిల్లలు, బయట తల్లులు, ఏడుపులు. ఇద్దరు కిటికీ చువ్వలు పట్టి గుంజుతున్నారు. సైరన్ ఎప్పుడో ఆగిపోయింది. హేమలత రొప్పుతూ వాళ్ల మధ్యకు పోయి, ఇది ఉత్త టెస్టేనని వాళ్ల భాషలోనే చెప్పింది. ఆమెదీ జూలూరుపాడు దగ్గర తండానే.

చువ్వలు గుంజుతున్నవాళ్లు చేతులు వదిలేశారు.

"నువ్వేనా మోగిపిచ్చింది?" అంది సోమ్లి.

"అవ్ అమ్మా."

"మా ఇంటి పిల్లవే గదనే. నా గుండె ఆగిపోతే ఏం జేద్దువు?"

హేమలత రూప్లిని జీపులో దవాఖానాకు తీసుకుపోయింది. మణికట్టు విరిగిందన్నారు. కట్టు కట్టేదాకా ఆమె వరండాలో తిరుగుతూనే ఉంది. ఆర్డీవో అనుమతి ఉన్నా, మర్నాడు, ప్రజలను భయపెట్టినందుకు సంజాయిషీ ఇమ్మని కలెక్టరాఫీసు నుంచి మెమో వచ్చింది. తప్పు నాదే అని రాసింది. ధ్రువపత్రం మీద మాత్రం ఇట్లా రాసింది: సైరన్ మోగింది. చేన్ల దాకా వినిపించింది. విన్నవాళ్లు ప్లాంటు వైపే పరిగెత్తారు, పిల్లలు అటే ఉన్నారు కనుక.

రెండు రోజులకు పద్మప్రియ ఫోన్ చేసింది. "మీరు రాసినదానికి ఊళ్లను కాపాడే ప్లాన్‌లో ఎక్కడా చోటు లేదు. ఏం చేయమంటారు?"

"నాకూ తెల్వదు మేడం. అడిగి చెప్త."

ఆదివారం చేనుకు పోయింది. సోమ్లి మొహం తిప్పుకుని కాయ ఏరుతూనే ఉంది. హేమలత కూడా ఒక సాలు పట్టి పక్కనే వంగింది. సాలు సగం అయ్యాక ముసలామె నోరు విప్పింది.

"మా పోరగాండ్లను ఏ బస్సుల ఎక్కిస్తరు? ఏడికి తీస్కపోతరు? అది ముందుగాల చెప్పు. మేం ఎటు ఉరకాలెనో అప్పుడు చెప్త."

బస్సు ఎక్కడికి రావాలో మీరే చెప్పమంది హేమలత. ఆ సాయంత్రం దాకా గట్టు మీద కూర్చుని ఆడవాళ్లంతా దారులు చెప్పారు, హేమలత గీసింది. రెండు నెలలకు ప్లాన్‌లో ఒక కొత్త పేజీ చేరింది: సైరన్ మోగగానే బడి పిల్లల బస్సు అడవి అంచున ఫారెస్టు చెక్‌పోస్టుకు రావాలి, చేన్లలో ఉన్నవాళ్లు నేరుగా అక్కడికే పోవాలి. మెమో మాత్రం హేమలత సర్వీసు ఫైల్లో అట్లాగే ఉండిపోయింది.

ఆ పేజీ చదివి వినిపించడానికి ఆమె తండాకు పోయింది. చెయ్యి ఇంకా మెడకు వేలాడేసుకున్న రూప్లి తలూపింది. సోమ్లి ఊపలేదు.

"మంచిగనే ఉంది. కానీ బిడ్డా, బస్సు నిజంగ వస్తదో రాదో. ఆ దినం నా కాళ్లు అటు పోతయా ఇటు పోతయా, నాకే తెల్వదు."

"ఉత్తగనే ఒకపారి బస్సు తోలిచ్చి చూపిస్త" అంది హేమలత.

"ఎప్పుడు?"

"ముందే చెప్పనమ్మా."

సోమ్లి ఆమెను ఎగాదిగా చూసి, ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.