తూముకు రెండు తూములు

రోహిణి కార్తె రాగానే తెలకపల్లిలో నలుగురు సావుకార్లు ఒక అరుగు మీద కూర్చొని ఆ ఏడు నాగు తేల్చేవారు. నాగంటే గింజ అప్పుకు గింజలోనే వడ్డీ. విత్తనానికి తూము జొన్నలు తీసుకుంటే పంటకు ఎన్ని తూములు కొలవాలో అక్కడే తేలాలి. తేలేదాకా ఎవ్వరూ పిడికెడు అప్పివ్వరు, తేలాక ఎవ్వరూ మానికెడు తగ్గించరు. దొంగసొమ్ము పంచుకునేవాళ్లకు కూడా అంత ఐకమత్యం ఉండదు.

జమ్ములమ్మకు మూడెకరాల మెట్ట చెల్క ఉంది, విత్తనం లేదు, పంటదాకా తినడానికి గింజా లేదు. పోయినేడు వాన మొహం చాటేసింది. ఈసారి నాగు తూమున్నర దాటితే పండిందంతా కొలిచిచ్చి, తాను జొన్న గటకకు దేవులాడుకోవలసిందే.

బడి పంతులు జయరాజు ఒకనాడు పత్రికలో చదివిన సంగతి చెప్పాడు. "ఇంగ్రేజు ఇలాకాల కొత్తగ పెద్ద బ్యాంకు పెట్టిన్రవ్వా. ఆడి పెద్దలు దేశం హాల్ ఎట్లున్నదో జూసి వడ్డీ ఎంతో తేలుస్తరు. పోయిన చలికాలంల నూటికి మూడుకు దించిన్రు."

"హాల్ జూసి దించిన్రా?"

"అవునవ్వా."

ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. మన హాల్, మన బతుకు స్థితి, మన సావుకార్లకు ఎవరు చూపించారు గనుక? గింజలు దాచే పాతర ఖాళీ అయిందని చెప్పుకోవడం నామోషీ. అందుకే ఊరంతా పాతర మూతల మీద మన్ను కప్పి, లోపల గింజలు నిండుగా ఉన్నట్టు తిరుగుతోంది. జమ్ములమ్మ ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది. "సిగ్గిడిసి పాతరలు తెరువున్రి. కండ్లతోటి జూస్తే జాలి పుట్టదా?"

చివరికి నలభై పాతరలు తెరిచారు. ఆమే సావుకార్లను వెంటబెట్టుకొని తిప్పింది. పెద్ద సావుకారి వెంకట్రాములు ప్రతి గుంతలోకీ వంగి చూశాడు. ఒకదాంట్లో గులకరాయి వేసి చప్పుడు విన్నాడు. "అయ్యయ్యో" అన్నాడు. ఆ మాటకే జమ్ములమ్మ ప్రాణం లేచొచ్చింది.

తిరిగొచ్చి అరుగెక్కారు. నోట్లో తమలపాకు నలగకముందే నాగు తేలింది. తూముకు రెండు తూములు.

"మా పాతరలు జూసినంక గూడ రెండా, సావుకారీ?"

"జూసినం గనుకనే, జమ్ములమ్మా. మీ తాన ఇంతో అంతో గింజ ఉన్నదనుకొని తూమున్నరే అందామనుకున్నం. ఎక్కువంటే మీరు తీస్కోరని భయముండె. ఇప్పుడు మా తాన దప్ప మీకు యాడా లేదని తెల్సింది."

జమ్ములమ్మకు ఆ అరుగును చూస్తే అసహ్యం, ఆ తెల్లటి ధోవతులను చూస్తే అసహ్యం. అన్నిటికంటే, ఇల్లిల్లూ తిరిగిన తన కాళ్లను చూసుకుంటే అసహ్యం.

వెంకట్రాములు గొంతు తగ్గించాడు. "నీకు మాత్రం తూమున్నరే రాస్త. ఊరి హాల్ జూపించినవు గద."

వెనక ఊరంతా నిలబడి ఉంది. ఎవ్వరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. తూమున్నరైతే ఈ ఏడు గటకకు కరువుండదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఆమె అరుగు పక్కన కాండ్రించి ఉమ్మింది. "నాకూ రెండే రాయి."

వెంకట్రాములుకు కోపం రాలేదు. కలం సిరాలో ముంచి, సంతోషంగా రెండే రాశాడు.