కామమ్మ చెప్పిన మాట

సోమవారం పొద్దుగూకే వేళ కామమ్మ ఉప్పుచేపలు గంపకెత్తుతుంటే ఫోను మోగింది. కూతురు విజయకుమారి నంబరే. మాట్లాడింది మాత్రం ఎవరో మగమనిషి, వచ్చీరాని తెలుగులో.

"అమ్మా, విజయక్క... దెబ్బ. గూడూరు ఆస్పత్రి. జల్దీ రండి."

విజయకుమారికి ఇరవై రెండేళ్ళు. చిల్లకూరు దగ్గర హైవే పక్కనున్న రొయ్యల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసేది. కామమ్మా, భర్త మునెయ్యా ఆటోలో పడి ఆస్పత్రికి చేరేసరికి వార్డు బయట బల్ల మీద ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. చిన్న కళ్ళు, చదునైన ముఖం. చొక్కా ముందుభాగమంతా నెత్తురు. పక్కన విజయ చెప్పులూ టిఫిన్ బాక్సూ పెట్టుకుని ఉన్నాడు. వీళ్ళను చూడగానే లేచి నిలబడ్డాడు.

"తెల్ల గాడీ, అమ్మా. గుద్దింది. పోయింది" అని తల దించుకున్నాడు.

కాసేపటికి డాక్టరు బయటికొచ్చి చెప్పాల్సిన మాట చెప్పాడు. కామమ్మ గోడకు ఆనుకుని కూలబడిపోతే, ఆ కుర్రాడే ఎక్కడినుంచో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

అతని పేరు బిజిత్ నార్జారి. అస్సాం నుంచి వచ్చి అదే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. అతనిలాంటి వాళ్ళు పాతిక మంది దాకా చిల్లకూరు పక్కన గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఊళ్ళో అందరూ వాళ్ళను చైనావోళ్ళు అనేవారు. కామమ్మ కూడా అలాగే అంటే విజయ నవ్వేది. "చైనా కాదుమా, అస్సాం. మన దేశమే" అనేది.

మరునాడు మధ్యాహ్నం శవాన్ని వాళ్ళుండే పాలేనికి తెచ్చారు. దానితోపాటే నెల్లూరు నుంచి శివశంకర్ అనే విలేకరి మైకు పట్టుకుని వచ్చాడు. ఏదో యూట్యూబ్ చానల్లో పనిచేస్తాడు. కామమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగానే అడిగాడు. కామమ్మ తనకు తెలిసింది చెప్పింది.

"ఏదో కారు గుద్దిందంట సార్. ఆ చైనా పిల్లోడే నా బిడ్డని మోసుకుపోయినాడు. వాడి చొక్కా అంతా నా బిడ్డ నెత్తురే. అంబులెన్సు వచ్చేదాకా కూడా ఆగలేదంట, ఎత్తుకుని పరిగెత్తినాడంట. వాడు గాని లేకుంటే నా బిడ్డ దిక్కులేకుండా రోడ్డు మీదనే పోయుండేది."

సాయంత్రానికి అది ఊరందరి ఫోన్లలోకి వచ్చింది. ముందుగా పెట్రోలు బంకు కెమెరాలో పడిన బొమ్మ: మసక వెలుతురులో ఒక మనిషి, భుజాన వేలాడుతున్న ఆడపిల్లతో పరిగెత్తుతున్నాడు. అతని చుట్టూ ఎర్రటి సున్నా గీశారు. వెనక గుండెలదిరే సంగీతం. ఆ వెంటనే కామమ్మ ముఖం. "ఆ చైనా పిల్లోడే నా బిడ్డని మోసుకుపోయినాడు. వాడి చొక్కా అంతా నా బిడ్డ నెత్తురే." అంతే, అక్కడితో ఆపేశారు. కింద పెద్ద అక్షరాలతో 'బతుకుతెరువుకని వచ్చి బలి తీసుకున్నారా?' అని వేశారు.

రెండో రోజుకి పెద్ద చానళ్ళు కూడా అదే చూపించాయి. ఎక్కడెక్కడి వాళ్ళో స్టూడియోల్లో కూర్చుని, ఆ మనుషుల ముఖాల గురించీ, తిండి గురించీ, మన ఆడపిల్లల రక్షణ గురించీ అరుచుకున్నారు. కారు ఊసు ఎవరూ ఎత్తలేదు. పోలీసులు బిజిత్‌ను తీసుకుపోయారు.

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ఫోను తీసి కామమ్మకు ఆమెనే చూపించారు. మొదటిసారి చూసినప్పుడు, "నేను ఇంకా చెప్పినానే" అంది కామమ్మ. ఎవరూ పట్టించుకోలేదు. పదిసార్లు, ఇరవైసార్లు చూసింది. ముఖం తనదే, గొంతూ తనదే, అన్న మాటా అబద్ధం కాదు. చూడగా చూడగా ఆస్పత్రి బల్ల మీది కుర్రాడు ఆమె మనసులో మారిపోసాగాడు. చెప్పులు వాడి దగ్గర ఎందుకున్నాయి? ఫోను వాడి చేతికెట్టా వచ్చింది? తలెందుకు దించుకున్నాడు? బాధతో దించుకున్నాడనుకున్నదల్లా ఇప్పుడు భయంతో అనిపించింది. తెల్ల కారు ఉందని చెప్పింది కూడా వాడొక్కడే కదా.

మూడో రోజు ఇంకో చానలు మైకు పెట్టినప్పుడు ఎవరూ ఏమీ అడగకముందే కామమ్మ అరిచింది.

"వాణ్ణి ఉరి తీయాల. ఆ జాతినే ఈ ఊళ్ళో లేకుండా చేయాల!"

ఆ సాయంత్రం నాలుగూళ్ళ జనం కలిసి అస్సాం వాళ్ళ గదుల మీదికి పోయారు. మునెయ్య కూడా పోయాడు. తలుపులు విరగ్గొట్టారు, బట్టలూ గిన్నెలూ రోడ్డు మీద వేసి తగలబెట్టారు. బిజిత్ గదిలో ఉండే జిబన్ అనే పిల్లవాడికి రాయి తగిలి కన్ను పోయింది. మునెయ్య ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, అన్నం తినకుండా వలల మీద పడుకున్నాడు. కామమ్మ ఏం జరిగిందని అడగలేదు.

దినాలు అయిపోయిన మరునాడు ఏంజెలిన్ వచ్చింది. విజయతో పాటు ప్యాకింగులో పనిచేసే పిల్ల. గడప దగ్గరే నిలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"ఆంటీ, నేను చూసినాను. మా బస్సు అప్పుడే కదలతా ఉండింది. తెల్ల కారు వచ్చి విజయని గుద్దేసి, ఆగకుండా నెల్లూరు వైపు పోయింది. బిజిత్ యాడో వెనకాల నడుచుకుంటా వస్తా ఉండినాడు. పరిగెత్తుకొచ్చి ఎత్తుకున్నాడు."

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదే?" అంది కామమ్మ.

"టీవీలో మీరే చెప్తా ఉండారు గదా ఆంటీ. కన్నతల్లే అట్ట చెప్తుంటే, నేను చూసిందే తప్పేమో అనుకున్నాను. నోరెత్తితే మనింటి మీదికీ వస్తారని మా నాయన కూడా భయపడినాడు."

కామమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని స్టేషనుకు పోయింది. "ఇది చెప్పే మాట రాసుకోండి సార్. టీవీలో నేను చెప్పింది కొట్టేయండి" అంది. ఎస్సై కాగితం తీసుకున్నాడు. టోల్‌గేటు కెమెరాలు వెతికితే నాలుగు రోజుల్లో కారు దొరికింది. బుచ్చిరెడ్డిపాలెంలో ఒక షెడ్డులో, పగిలిన లైటు మార్చడానికి ఇచ్చి ఉంది. నడిపినవాడిది కొడవలూరు. అరెస్టు చేశారు. తరవాత వారానికి బెయిలు మీద బయటికొచ్చాడు. అతని ముఖం చుట్టూ ఎవరూ ఎర్రసున్నా గీయలేదు. బిజిత్‌ను వదిలేసిన సంగతి పేపరు లోపలి పేజీలో, కింద మూలన నాలుగు వరుసల్లో వచ్చింది.

కామమ్మ నెల్లూరుకు పోయి శివశంకర్‌ను వెతికి పట్టుకుంది.

"నా మాట ఎందుకు కోసినావయ్యా?"

శివశంకర్ తల ఎత్తలేదు. "నేను పంపింది నాలుగు నిమిషాలమ్మా. ఆఫీసులో ఇరవై సెకన్లు చేసినారు. నిజమే, నేను చూసినాను. అప్పటికే లక్షమంది చూసేసినారని తీయమని అడగలేదు."

"మళ్ళీ తీయి. ఇప్పుడు మొత్తం చెప్తాను."

తీశాడు. ఒక్క మాటా కోయకుండా పెట్టాడు కూడా. మొదటిది ముప్ఫై లక్షలమంది చూస్తే దీన్ని నాలుగు వందల మంది చూశారు. 'ముసలిదాన్ని కొనేశారు' అని ఎవరో కింద రాశారు.

బిజిత్ సొంతూరికి వెళ్ళిపోతున్నాడని ఏంజెలిన్ చెప్పగానే కామమ్మ ఆమెను వెంటబెట్టుకుని గూడూరు రైల్వేస్టేషనుకు బయలుదేరింది. మునెయ్య కూడా వచ్చాడు గాని స్టేషను గేటు దాటి లోపలికి రాలేకపోయాడు. "నువ్వు పోయి రా" అని అక్కడే నిలబడిపోయాడు.

బిజిత్ ప్లాట్‌ఫారం చివర సంచి మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కంటికి కట్టుతో జిబన్. కామమ్మను చూసి జిబన్ మొహం తిప్పుకున్నాడు. బిజిత్ మాత్రం ఆస్పత్రిలో లేచినట్టే లేచి నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు.

"జైల్లో టీవీ ఉంది అమ్మా. మిమ్మల్ని చూసినా" అన్నాడు.

కామమ్మ వాళ్ళిద్దరి ముందూ నిలబడి చెప్పింది.

"మొదట నేను చెప్పింది కోసేసినారు నాయనా. అది వాళ్ళ తప్పు. ఉరి తీయమన్నది ఎవరూ కోయలేదు. అది నేనే అన్నాను. ఈ పిల్లోడి కన్ను నా మాట వల్లే పోయింది."

ఏంజెలిన్ తనకొచ్చిన హిందీలో అతనికి చెప్పింది. బిజిత్ పర్వాలేదని అనలేదు. తరవాత ఏంజెలిన్ వైపు తిరిగి ఏదో చెప్పాడు. ఏంజెలిన్ కళ్ళు తుడుచుకుంది.

"ఆంటీ, మోసుకుపోయేటప్పుడు విజయ తెలివిలోనే ఉండిందంట. ఫోను తెరిచి ఇచ్చింది తనేనంట. 'మా అమ్మకి చెప్పు, భయపడద్దని చెప్పు' అని హిందీలో అనిందంట. ఆ మాట తెలుగులో ఎట్టా చెప్పాలో తెలీక ఆ పొద్దు చెప్పలేదంట. పోలీసులు అడగలేదు, టీవీ వాళ్ళు అడగలేదు, ఎవరూ అడగలేదంట."

కామమ్మ ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది, బిడ్డ పోయిన దగ్గర్నించి మొదటిసారి, తనకేసి ఎవరూ ఫోను పట్టకుండా. రైలొచ్చింది. బిజిత్ ముందు జిబన్ చెయ్యి పట్టి ఎక్కించాడు, తరవాత తను ఎక్కాడు. కిటికీలోంచి ఎవరూ చెయ్యి ఊపలేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఫ్యాక్టరీలో ఇప్పుడు అస్సాం వాళ్ళు లేరు. కారు కేసు వాయిదాల్లో ఉంది. కామమ్మ మళ్ళీ గంప ఎత్తుకుని సంతలకు పోతోంది. మొన్న గూడూరులో చేపలు బేరం చేస్తున్న ఒకామె ఉన్నట్టుండి ఆమె ముఖం గుర్తుపట్టింది.

"అక్కా, ఆ అస్సామోళ్ళు చంపిన పిల్ల తల్లివి నువ్వే గదా?"

"చంపింది వాళ్ళు కాదుమా. కారు గుద్దింది. ఆ పిల్లోడు కాపాడాలని చూసినాడు."

"అదేంది! టీవీలో నువ్వే చెప్పినావు గదా. నా కళ్ళారా చూసినాను."

"చెప్పింది నేనే. కాదని ఇప్పుడు చెప్తా ఉండేదీ నేనే. రా, ఇట్ట నీడలోకి వచ్చి కూర్చో" అని కామమ్మ గంప పక్కకు జరిపి, సోమవారం సాయంత్రం ఫోను వచ్చిన దగ్గర్నించి మొదలుపెట్టింది. బేరానికొచ్చినామె చేపల సంచి ఒళ్ళో పెట్టుకుని సగందాకా విన్నది. అంతలో బస్సు వస్తే లేచి వెళ్ళిపోయింది. పక్కన చింతపండు అమ్ముకునే మనిషి, "ఆ తరవాత?" అని అడిగింది. కామమ్మ ఆవిడ వైపు తిరిగి మిగతాది చెప్పింది.