ప్రార్థనంత సేపు

రంగులత్త గుడ్డను గంగాళంలోకి దించిందంటే వీధిలోవాళ్ళు ఆమెను పలకరించడం మానేసేవాళ్ళు. పలకరించినా జవాబు రాదు. గుడ్డ వేడి రంగునీళ్ళలో ఉన్నంత సేపూ చేతిలో కర్ర తిరుగుతూ ఉంటుంది, పెదవులు కదులుతూ ఉంటాయి. ప్రార్థన మొదలుకాగానే గుడ్డ మునగాలి, ప్రార్థన ముగియగానే తేలాలి. అద్దకం నేర్పిన అత్తగారు ఆమెకు అలాగే నేర్పింది. తర్వాత ఎప్పుడో ఇంట్లోకి గడియారం వచ్చింది గానీ, అది వంటగది గోడకే అంటిపెట్టుకుని ఉండిపోయింది. గంగాళం సంగతి దాన్ని ఎవరూ అడగలేదు.

ఖాళీ చేతులతో దేవుణ్ణి పిలవడం ఆమెకు నచ్చదు. పని లేనివాళ్ళు వాకిట్లో నిలబడి కేకేసినట్టు ఉంటుందనేది. ప్రార్థన లేకుండా పని చెయ్యడమూ అంతే, తలుపు బార్లా తెరిచి ఊరికి వెళ్ళినట్టు. అందుకే రెండూ కలిపి చేసేది.

"దేవుడా, ఈ చేతులకు సత్తువ ఇయ్యి. ఈ నిప్పును అదుపులో ఉంచు. ఈ గుడ్డ కప్పుకునేవాళ్ళకు మేలు చెయ్యి. ఈ ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ చల్లగా చూడు."

ఆ తర్వాత వెళ్ళిపోయినవాళ్ళ వంతు. ఇంట్లోవాళ్ళకు ఒక్క మాట చాలు, వాళ్ళు దేవుడికి కళ్ళెదుటే ఉంటారు. దూరం పోయినవాళ్ళను ఆయన మాత్రం ఎక్కడని వెతుక్కుంటాడు? ఒక్కొక్కరినీ పిలిచి గుర్తుచెయ్యాలి. లేకపోతే ఏ మలుపు దగ్గరో తప్పిపోతారని ఆమె భయం.

ఒకరోజు కోడలు చెవి ఒగ్గి విని, నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇల్లు విడిచి పోయిన పిల్లిని కూడానా అత్తయ్యా?"

"అది మాత్రం నాతో చెప్పి వెళ్ళిందా? ఎక్కడుందో ఏమో" అంది రంగులత్త, కర్ర ఆపకుండానే.

కోడలు చలాకీ మనిషి. కొడుకు సరుకుల బండి తోలుకుంటూ వారంలో సగం రోజులు బయటే ఉంటాడు కాబట్టి, అద్దకం కొట్టు ఈ మధ్య ఆమె చేతుల మీదే నడుస్తోంది. మొదటిసారి తన నోటి మాట మీద ఒక పని ఒప్పుకుంది కూడా. పిల్లలకు పాటలు నేర్పే టీచరమ్మ పెట్టెడు ఎర్ర శాలువాలు తెచ్చింది. బృందం పాడేటప్పుడు అందరూ అవే కప్పుకుంటారు. చాలా ఏళ్ళ కిందట ఈ గంగాళంలోనే అద్దినవి. కొన్నింటిని ఎలుకలు కొరికాయి. వాటి స్థానంలో కొత్తవి కావాలి, పాతవాటి పక్కన నిలబడితే తేడా తెలియకూడదు.

"తేడా వస్తే నాకు డబ్బు ఇవ్వనే వద్దు" అంది కోడలు ధీమాగా.

తేడా వచ్చింది. రంగులత్త మచ్చుకు అద్దిన ముక్కను టీచరమ్మ గుమ్మంలో వెలుతురుకు పట్టి చూసి పెదవి విరిచింది.

"పెద్దమ్మా, పాతది దానిమ్మ గింజలా ఉంది. ఇదేమో మాడిపోయినట్టుంది. పిల్లల వరస మధ్యమధ్యలో పళ్ళు ఊడినట్టు కనబడుతుంది."

"ఇంకోసారి చూస్తాం టీచరమ్మా" అంది కోడలు.

"చూడండి. ఎల్లుండి పొద్దున వస్తా. కుదరకపోతే ఏమీ అనుకోవద్దు, మొత్తం పెట్టె మిల్లుకు ఇచ్చేస్తా. వాళ్ళు అన్నింటినీ ఒకే రంగులో ముంచేస్తారు."

ఆమె వెళ్ళాక కోడలి ముఖం వాడిపోయింది. అది రంగులత్త చూసింది. ఈ పిల్ల మొదటి మాటే పోతే మళ్ళీ నోరు విప్పి ఏ పనీ ఒప్పుకోదు.

పొడి అదే, ఉప్పు అదే, తూకం అదే. కోడలు పొడి డబ్బా మీద రాసినట్టు గడియారం చూసుకుంటూ ఒక ముక్క అద్దింది. అది ఇటుక రంగుకు తిరిగింది. "ఇది ఇల్లు కట్టుకోవడానికి పనికొస్తుంది" అని విసిరి అవతల పారేసింది.

తర్వాత ఏమనుకుందో, ఇంట్లో ఉన్న ఎర్ర గుడ్డలన్నీ లాగి తెచ్చింది. దిండు గలీబు, దుప్పటి, కిటికీ తెర, తన పెళ్ళికి అద్దిన మేజా గుడ్డ. అన్నీ ఈ గంగాళంలోవే. నేల మీద లేతదాని నుంచి ముదురుదాని దాకా వరసగా పరిచింది.

"పాతవి ఉతికి ఉతికి వెలిసి ఉంటాయిలే" అంది రంగులత్త.

"అదీ చూశా. కుట్లు విప్పి మడత లోపల చూడండి. ఎండా నీళ్ళూ తగలని చోట కూడా లేతగానే ఉంది. ఈ గలీబు ఎప్పటిది?"

"అది... మా అక్క మకాం ఎత్తేసి వెళ్ళిన కొత్తలో."

"ఈ దుప్పటి?"

"ఎదురింటామె ఇల్లు అమ్ముకుని వెళ్ళాక."

"తెర?"

"మీ ఆడపడుచు అత్తారింటికి వెళ్ళాక. ఈ మేజా గుడ్డ మీ మామయ్య పోయాక..." అంటూ ఆగిపోయింది.

కోడలు నేల మీద చతికిలబడి అత్త వైపే చూస్తోంది. "మనిషి వెళ్ళినప్పుడల్లా ప్రార్థన పెరిగింది అత్తయ్యా. పెరిగినంత సేపూ గుడ్డ నీళ్ళలోనే ఉంది."

రంగులత్త వరసలో చివరి గుడ్డను చేతిలోకి తీసుకుంది. తను ఒక్కొక్కటిగా కూడబెట్టి కాపాడుకొచ్చిన మాటలే గుడ్డను నల్లగా మార్చాయా?

"అంటే నా ప్రార్థనే పని చెడగొట్టిందంటావా?"

"అయ్యో, చెడగొట్టడమేంటి? ఆ శాలువాల రంగుకు ఎంత సేపు ఉంచారో లోకంలో ఎక్కడా రాసి లేదు. మీ నోట్లోనే ఉంది. శాలువాలు అద్దినప్పుడు అందరూ ఇక్కడే ఉన్నారా?"

"అందరూ ఇక్కడే. మా అక్క వీధి చివర ఉండేది. మీ మామయ్య పొయ్యి దగ్గర నిలబడి తొందరపెట్టేవాడు."

"అయితే 'ఈ ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ' అన్న చోట ఆపేసి గుడ్డ తీయాలి. అంతే."

అంతే అనడం తేలిక. మర్నాడు పొద్దున రంగులత్త నీళ్ళు మరగబెట్టి, పొడి కలిపి, తడిపిన మచ్చు గుడ్డను దించింది. చేతులకు సత్తువ అడిగింది. నిప్పును అదుపులో ఉంచమంది. కప్పుకునేవాళ్ళకు మేలు అడిగింది. ఇంట్లోవాళ్ళను చల్లగా చూడమంది. అక్కడ గొంతు తనంతట తానే అక్క దాకా వెళ్ళబోయింది. పక్కన కోడలు ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఈ పిల్ల కూడా ఇంట్లో మనిషే, ఈమె కోసం అడిగిన మాట ఇప్పుడే కదా దాటింది! అడిగినదానికి తన చేతులు అడ్డం పడితే ఎలా?

రంగులత్త పళ్ళు బిగించి కర్ర ఎత్తింది. గుడ్డ పొగలు కక్కుతూ పైకి వచ్చింది.

"జాడించు, జాడించు!" అంటూ తనే తొట్టిలోకి వేసి, చెంబుతో చల్లనీళ్ళు పోయసాగింది. చేతులు కదిలాయో లేదో, నోట్లో అడ్డుపడిన మాట ఊడి వచ్చింది. "దేవుడా, మా అక్కను చూసుకో..."

కోడలు గుడ్డను పిండబోయి ఆగింది. జాడించడానికి ఇంత సేపని లెక్క లేదు. ఎన్ని నీళ్ళు పోస్తే రంగు అంత నిలుస్తుంది, పక్క గుడ్డకు అంటదు. రంగులత్తకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కూతురు పేరు వచ్చేసరికి ఆమె చేతిలో తొందర తగ్గింది. భర్త దగ్గర కాస్త ఎక్కువ సేపే నీళ్ళు పోసింది.

తడిలో రంగు మోసం చేస్తుంది కాబట్టి ముక్క ఆరేదాకా ఇద్దరూ దానివైపు చూడలేదు. ఆరాక కోడలు ఎలుకలు కొరికిన పాత శాలువా ముక్కను గుమ్మంలోకి తెచ్చి పక్కన పెట్టింది. రెండింటినీ అటూ ఇటూ మార్చి చూసి, "ఏది ఏదో నాకే తెలియడం లేదు" అని గట్టిగా నవ్వింది.

"వాసన చూడు, ఎలుకల కంపు కొట్టేది పాతది" అంది రంగులత్త.

మధ్యాహ్నానికి కొత్త శాలువాలన్నీ గంగాళంలోంచి తొట్టి దగ్గరికి వచ్చాయి. రంగులత్త పోస్తోంది, కోడలు పిండుతోంది. వెళ్ళిపోయినవాళ్ళ వరస అంతా పిలవడమైంది, పిల్లి కూడా అయిపోయింది.

"అత్తయ్యా, నీళ్ళు ఇంకా ఎర్రగానే పోతున్నాయి. ఇంకెవరూ లేరా?"

రంగులత్త చెంబు నింపుతూ కోడలి వైపు చూసింది. ఇల్లు వదిలి వచ్చింది ఈ పిల్ల కూడా కదా, ఇన్నాళ్ళూ అడగనే లేదు.

"నావాళ్ళు అయిపోయారు. నీవాళ్ళు ఎవరెవరో చెప్పు. మెల్లగా చెప్పు, నీళ్ళు చాలా ఉన్నాయి."

కోడలు తడి చేతి వెనక వైపుతో నుదురు తుడుచుకుని, "మా నాన్న" అంది.

"మీ నాన్నకు ఏం కావాలి?"

"మోకాళ్ళ నొప్పులు తగ్గాలి."

రంగులత్త చెంబు వంచింది.