తెర మీద కోడి, పెట్టెలో గుడ్లు

మేడమీది ఆవిడ బట్టలారేస్తూ ఎదురింటి టైలరు భార్యతో అందట, టైలరు భార్య మందుల షాపు దగ్గర అత్తగారితో అందట, అత్తగారు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మొత్తం కోడలికి అప్పజెప్పింది.

"విన్నావా అమ్మాయ్? మీ కోళ్ళ కంపెనీలో పదివేల గుడ్లు ఉడికిపోయాయటగా! ఆ గుడ్లు చూసుకునే మనిషి లేదూ, ఆవిడ ఇవాళ పెట్టె తలుపు బార్లా తెరిచిందట. తెరిచిన పావుగంటకి లోపల కొలిమి రాజుకున్నట్టు రాజుకుందట. కావాలనే చేసిందంటున్నారు. పక్క కంపెనీవాళ్ళెవరో ఆవిడ చెవిలో ఊదారట."

కోడలు గిన్నెలు తోముతోంది. చేతిలో గిన్నె చేతిలోనే ఆగిపోయింది.

"ఎవరన్నారత్తయ్యా?"

"ఎవరేమిటి, ఊరంతా అంటుంటే! రేపు పొద్దున మీ యజమాని అందర్నీ కూర్చోబెట్టి ఆవిణ్ణి పీకేస్తాడట. నువ్వు పొద్దస్తమానం అక్కడే ఉంటావు కదా, ఇంత జరిగితే ఒక్క ముక్కైనా చెప్పవేం? బయటివాళ్ళు చెబితే నేను నోరు వెళ్ళబెట్టి వినాల్సొచ్చింది."

కోడలు గిన్నె గీకడం మొదలుపెట్టింది. ఆమె ఆ కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. గుడ్లు పొదిగించే ఆ షెడ్డులో అందరూ ఆమెను ప్రోగ్రామరమ్మా అనే పిలుస్తారు. తలుపు తెరవడం వల్ల వేడెక్కలేదనీ, వేడెక్కడం వల్లే తలుపు తెరవాల్సొచ్చిందనీ ప్రోగ్రామరమ్మకి తెలుసు. ఇవాళ తెలిసింది కాదది. ఐదు నెలల నుంచీ తెలుసు. అందుకే గిన్నె మీద మాడు పోయినా ఇంకా గీకుతూనే ఉంది.

సంగతేమిటంటే, గుడ్లు పొదిగే పెట్టెల గదిలో ఓ చిన్న కంప్యూటరు, ఆఫీసులో ఓ పెద్ద కంప్యూటరు ఉన్నాయి. ఎనిమిది పెట్టెల వేడినీ ఒక మూటగా కట్టి పది సెకన్లకోసారి అక్కణ్ణుంచి ఇక్కడికి పంపాలి. ఈ కబుర్లు మోయడానికి ఎవరో బుద్ధిమంతులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల లైబ్రరీ ఒకటుంది, తెచ్చుకుని వాడుకోవడమే. ఆ కొసనొక సాకెట్, ఈ కొసనొక సాకెట్, కబుర్లు దాటే గుమ్మాలన్నమాట. ప్రతి సాకెట్‌కీ బోలెడన్ని ఆప్షన్లు: కబుర్లు ఎన్ని కూడబెట్టాలి, అవతలివాడి కోసం ఎంతసేపు ఎదురుచూడాలి, కట్టేసి పోయేటప్పుడు చేతిలో మిగిలినవాటిని ఏం చేయాలి. వీటిలో ప్రోగ్రామరమ్మకి కావలసింది ఒక్కటే: చివరి కబురొక్కటే ఉంచు, పాతవన్నీ పారెయ్. గుడ్డుకి ఇప్పుడెంత వేడి ఉందో కావాలి గానీ, పొద్దున్నెంత ఉందో ఎవడిక్కావాలి?

ఆ ఆప్షన్ దగ్గర లైబ్రరీవాళ్ళు ఒక హెచ్చరిక కూడా రాశారు. ఏ ఆప్షనైనా కనెక్షన్ కలపకముందే పెట్టుకోవాలి. కలిపాక పెడితే అప్పటికే కలిసినదానికి అంటదు. ఆమె అది రెండుసార్లు చదివి, ముందు ఆప్షను, తర్వాత కనెక్షను రాసి, పని చూసుకుని, పై అధికారికి చూపించింది.

పై అధికారికి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. షెడ్డులో మాత్రం అనుభవం గారంటారు. ఎందుకంటే ఆయన నోరు తెరిస్తే మొదటి మాట "నా ఇరవయ్యేళ్ళ అనుభవంలో" అనే. టీ చల్లారినా అంతే, ప్రింటరు ఆగినా అంతే. ఆ ఇరవయ్యేళ్ళూ ఆయన ఒకే ఏడాదిని ఇరవైసార్లు చేశాడని గిట్టనివాళ్ళంటారు. గిట్టేవాళ్ళెవరో ఇంతవరకూ కనబడలేదు.

అనుభవం గారి ఆఫీసులో ఒక ఆచారముంది. ఏ ప్రోగ్రాములోనైనా కనెక్షన్లన్నీ పైన, ఆప్షన్లన్నీ కింద, ఆ రెంటికీ నడుమ నక్షత్రాల గీత. గీత కింద ఆయనే స్వయంగా రాయించిన ఒక వాక్యం: "ఈ దిగువ షరతులు అనుభవపూర్వకంగా నిర్ణయించబడినవి." ప్రోగ్రామరమ్మ రాసింది చూసి ఆయన అపచారం జరిగినట్టు కళ్ళజోడు తీసేశాడు.

"ఇదేంటమ్మాయ్, తలకిందులుగా? ముందు కనెక్షన్ కలుపు, తర్వాత షరతులు పెట్టు. సంబంధం కుదరకముందే షరతులు పెడితే పెళ్ళవుతుందా ఎక్కడైనా?"

"సార్, ఇందులో పెళ్ళయ్యాక పెట్టిన షరతులు చెల్లవండి. పుస్తకంలో రాశారు."

"రాసేవాళ్ళు వంద రాస్తారు. కింద పెట్టి నడిపించు చూద్దాం." నడిపించింది. "ఎర్రరు వచ్చిందా?"

"రాలేదండి. రాదు. అదే దీంతో వచ్చిన చిక్కు."

"ఎర్రరు రాకపోవడం చిక్కేమిటమ్మా, నీ మొహం! ఆ సాకెట్‌నే అడుగు, ఆప్షన్ పెట్టి ఉందో లేదో."

అడిగింది. సాకెట్ ఉందనే చెప్పింది. అడిగితే అన్నిటికీ చిత్తమంటుంది, పని దగ్గర మాత్రం పాతదారే తనది. ఇలాంటివాళ్ళు ఆఫీసులోనూ లేకపోలేదు కాబట్టి అనుభవం గారికి దాని మీద నమ్మకం కుదిరింది.

అప్పటికి ప్రోగ్రామరమ్మ ఉద్యోగంలో చేరి నెల. ఆర్నెల్లు గడిస్తే గానీ పర్మనెంటు చేయరు. ఆ కాగితం మీద మొదటి సంతకం అనుభవం గారిది. ఆమె ఆ ఒక్క లైనూ కత్తిరించి, నక్షత్రాల గీత కింద అతికించింది. ఒక లైనే కదా అనుకుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. కబుర్లు వచ్చినవి వచ్చినట్టు చూపిస్తే తెర ఎప్పుడూ తాజాగానే ఉండేది. కానీ యజమాని మెచ్చుకోవాలని అనుభవం గారు తెర మీద ఒక తెల్లకోడిని పెట్టించాడు. కబురు వచ్చినప్పుడల్లా ఆ కోడి లేచి, రెక్కలాడించి, గుండ్రంగా తిరిగి, ముక్కుతో "ఇప్పటి వేడి" అన్న పలక తిప్పుతుంది, ఎనిమిది పెట్టెల్లోకీ ఎక్కువ ఉన్న వేడి దాని మీద పడుతుంది. చూడముచ్చటగానే ఉంటుంది. అయితే కబురు పది సెకన్లకొకటి వస్తుంటే, కోడిగారి నాట్యానికి పన్నెండు సెకన్లు పట్టేది. చివరిదొక్కటే ఉంచమన్న షరతు చెల్లి ఉంటే పాతవి పోయేవి. చెల్లలేదు కాబట్టి అన్నీ వరుసలో నిలబడి, కోడి తీరుబడి కోసం కాచుకునేవి. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండయ్యేసరికి పలక మీద కనిపించేది ఒంటిగంట నాటి వేడి. సాయంత్రం ఆఫీసు కంప్యూటరు కట్టేస్తారు, మర్నాడు మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. వేడి ఎప్పుడూ ముప్పయ్యేడున్నర డిగ్రీలే కాబట్టి ఇవాళ్టిదాకా తేడా ఎవరికీ తెలియలేదు.

ఇవాళ ఒంటిగంటకి ఐదో పెట్టెలో ఫ్యాను ఆగిపోయింది. అందులోవి పదిహేడో రోజు గుడ్లు. ఆ వయసుకి లోపలి పిల్లకి సొంత వేడి పుడుతుంది. గాలి ఆడకపోతే ఒకదాని వేడి ఒకదానికి తగిలి మాడిపోతాయి.

గుడ్లు చూసుకునే మనిషిని గుడ్లక్క అంటారు. ముప్పయ్యేళ్ళుగా ఆ పనే. గుడ్డు తీసి మూసిన కనురెప్ప మీద ఆనించుకుంటే చాలు, వేడి ఎంతో చెబుతుంది. ఒంటిగంటంబావుకి అలా ఆనించుకుని, ఉలిక్కిపడి, అదే గుడ్డు చేత్తో పట్టుకుని ఆఫీసులోకొచ్చింది.

"సారూ, ఐదో పెట్టె కాలిపోతోంది. ఫ్యాను తిరగట్లేదు."

అనుభవం గారు తెర వైపు చెయ్యి చూపించాడు. కోడి రెక్కలాడించి పలక తిప్పింది: ముప్పయ్యేడున్నర.

"చూశావుగా. కూర్చో, కాస్త మంచినీళ్ళు తాగు. లక్షలు పోసి కొన్న యంత్రం అబద్ధం చెబుతుందా, నీ కంటిరెప్ప అబద్ధం చెబుతుందా?"

"నా రెప్ప ఇప్పటిదాకా చెప్పలేదయ్యా. మీ యంత్రం సంగతి మీకే తెలియాలి."

ఆమె కూర్చోలేదు, వెళ్ళిపోయింది. ఒంటిగంటా నలభైకి మళ్ళీ వచ్చింది. ఈసారి అనుభవం గారి వైపు చూడలేదు. నేరుగా ప్రోగ్రామరమ్మ బల్ల దగ్గరకొచ్చింది.

"తల్లీ, నువ్వు చదువుకున్నదానివి. ఇది నువ్వు రాసిందేనటగా. నిజం చెప్పు, ఆ కోడి చెప్పేది ఇప్పటి మాటేనా?"

మూడింటికి యజమాని వస్తాడు. ఆర్నెల్లు నిండిన కాగితం ఆయన చేతికందాలి. అనుభవం గారి కలం మూత తీసే ఉంది. ప్రోగ్రామరమ్మ కీబోర్డు మీద లేని దుమ్మేదో దులిపి, తల దించుకుంది.

గుడ్లక్క వెళ్ళి ఐదో పెట్టె తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఒక్కతే ట్రేలు బయటికి లాగడం మొదలుపెట్టింది. సగం దక్కాయి. సరిగ్గా రెండింటికి కోడి రెక్కలాడించి పలక తిప్పింది: ముప్పయ్యెనిమిది. తర్వాత ముప్పయ్యెనిమిదిన్నర. అలా ఎక్కుతూనే పోయింది.

అనుభవం గారు అప్పటికే డైరీలో రాసుకున్నాడు: తలుపు తీసినది ఒంటిగంటా నలభై అయిదు. వేడి పెరుగుట మొదలైనది రెండు గంటలు. ఇంక చెప్పేదేముంది.

ఆ గొడవలో పర్మనెంటు కాగితం యజమాని చేతికి వెళ్ళలేదు. అనుభవం గారు మొదటి సంతకం మాత్రం చేశాడు. "రేపు పంచాయితీ అయ్యాక సార్‌తో రెండోది పెట్టిస్తాలే" అని ఆమెకు చూపించి మరీ సొరుగులో పెట్టాడు.

మర్నాడు పదకొండింటికి ఆఫీసులో నలుగురు కూర్చున్నారు. నిజానికి ముగ్గురే, గుడ్లక్కకి కుర్చీ వేయలేదు. యజమాని పెద్దగా చదువుకున్నవాడు కాదు గానీ వినడం తెలిసినవాడు. అనుభవం గారు డైరీ చదివాడు. తలుపు తీస్తే చల్లగాలి తగిలి, హీటరు కంగారుపడి, ఇంకా గట్టిగా మండిందనీ, ఆ దెబ్బకి ఫ్యాను కాలిందనీ వివరించాడు. "నా ఇరవయ్యేళ్ళ అనుభవంలో ఇంత మొండితనం చూడలేదండి. రెండుసార్లు చెప్పాను, వినలేదు."

"ఏమ్మా?" అన్నాడు యజమాని గుడ్లక్కతో.

"నేను తలుపు తీసేటప్పటికే గుడ్లు కాలుతున్నాయి."

"యంత్రం అలా చెప్పడం లేదే మరి."

గుడ్లక్క కొంగుతో చేతులు తుడుచుకుని, గుమ్మం వైపు తిరిగింది. ముప్పయ్యేళ్ళ పని అంత చప్పుడు లేకుండా అయిపోబోతోంది. రాత్రి తోమిన గిన్నె ఎందుకో ప్రోగ్రామరమ్మ కళ్ళముందు మెదిలింది. లేచి, గోడవారగా వెళ్ళి, పెట్టెల గది నుంచి వచ్చే కేబులు ఊడబీకి, దాని కొస తెచ్చి యజమాని చేతిలో పెట్టింది.

"ఇదేంటమ్మాయ్?" అన్నాడు అనుభవం గారు లేచి.

"కబుర్లొచ్చే దారండి. ఇప్పుడింక ఒక్కటి కూడా రాదు. తెర చూడండి."

తెర మీద కోడి రెక్కలాడించింది. గుండ్రంగా తిరిగింది. పలక తిప్పింది: ఇప్పటి వేడి, ముప్పయ్యేడున్నర. పన్నెండు సెకన్లకి మళ్ళీ లేచింది. యజమాని చేతిలోని కేబులు కొసనీ, తెరనీ మార్చి మార్చి చూశాడు. కోడి మళ్ళీ లేచింది. కంపెనీ అంతా మునిగిపోయినా తనకేమీ పట్టనట్టు చాలా నిష్ఠగా చేసుకుపోతోంది.

"ఎంతసేపు ఆడుతుందిలా?"

"ఇంకో అరగంట పైనే. వరుసలో నిలబడ్డ పాత కబుర్లన్నీ అయిపోయేదాకా. నిన్న రెండింటికి చూపించింది ఒంటిగంట నాటి వేడి. అక్కయ్య తలుపు తీసేటప్పటికి లోపల ముప్పావుగంట నుంచీ కాలుతోంది."

"మరి నాకిది..." అనుభవం గారికి ఇరవయ్యేళ్ళలో మొదటిసారి వాక్యం మధ్యలో తెగింది. వెంటనే సర్దుకున్నాడు. "చూడండి సార్, ఈ ప్రోగ్రాము రాసింది ఈ అమ్మాయే. ఫైలు మీద ఈవిడ పేరే ఉంది."

"నేనే రాశానండి," అంది ప్రోగ్రామరమ్మ. "లైను సరైన చోటే పెట్టాను. సార్ కింద పెట్టమన్నారు. తప్పని తెలిసీ పెట్టాను." 

అనుభవం గారు సొరుగు తెరిచి, ఆమె కాగితం బల్ల మీదికి లాగి, దానిమీద చెయ్యి బోర్లించాడు. అక్కడున్న అందరికీ ఆ చెయ్యి కనిపించింది. యజమానికి కూడా.

యజమాని కేబులు బల్ల మీద పెట్టాడు. కోడి వైపు తిరిగాడు. తను చూసి ముచ్చటపడ్డ కోడి.

"అదికాదయ్యా," అన్నాడు, ఎవరినని కాకుండా. "ఇంత తప్పు జరుగుతుంటే, ఇన్ని కంప్యూటర్లు పెట్టుకుని, ఒక్క హెచ్చరికైనా రాలేదా?"

"ఒక్కటి కూడా రాలేదండి!" అన్నాడు అనుభవం గారు ఊపిరి పీల్చుకుని. "ఒక్క ఎర్రరైనా రాలేదు. వస్తే చూడకపోతామా?"

గుమ్మం దగ్గర గుడ్లక్క వెనక్కి తిరిగింది.

"నేనొచ్చాను కదయ్యా. రెండుసార్లొచ్చాను. మొదటిసారి ఈయన కూర్చోమన్నాడు, రెండోసారి ఈ పిల్ల తల దించుకుంది."