పాలు చేపే వేళ

నేను ఒక గోడగడియారాన్ని. సముద్రం అవతల పుట్టి, గడ్డి కూరిన పెట్టెలో పడుకుని ఓడెక్కి వచ్చాను. విశాఖ రేవులో దిగాక, రైలుకట్ట పక్కన కొత్తగా కట్టిన గోనెసంచుల మిల్లుకు ఎడ్లబండి మీద చేరాను. గేటు లోపల, అందరికీ కనిపించేంత ఎత్తులో నన్ను తగిలించారు. అద్దానికి తాళం వేశారు. తాళంచెవి టైం గుమాస్తా కనకరాజుగారి మొలతాడుకు వేలాడేది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నిజం చెప్పే వస్తువుకు తాళం ఎందుకు?

అంతవరకు ఆ జనానికి వేళ చెప్పినవాడు సూర్యనారాయణమూర్తి. అరసవల్లి వైపు తిరిగి దండం పెట్టుకుని పొలానికి పోయేవాళ్ళు. నీడ కాళ్ళ కిందికి వస్తే అన్నం తినేవాళ్ళు. మిల్లులో రేకుల కప్పు, నార దుమ్ము. నీడ పడే చోటే లేదు. మిల్లు కూత వేస్తేనే పన్నెండయినట్టు, ఆ కూత నన్ను చూసి వేస్తారు. దేవుడు చేసే పని ఒక ఇత్తడి చక్రానికి అప్పగించవచ్చునా అని నాకే భయం వేసేది.

మగ్గాల దగ్గర మగవాళ్ళు. నేల మీద కూర్చుని సంచుల అంచులు కుట్టేది ఆడవాళ్ళు. మగ్గం ఆడదాని చేతికి లొంగదని ఎవరు తేల్చారో తెలియదు, నేను వచ్చేసరికే తేలిపోయి ఉంది.

కుట్టేవాళ్ళలో తవిటమ్మ ఒకతె. మొగుడు గురువులు మగ్గం మీద పని. వాళ్ళకు మూడు నెలల పిల్ల. అత్తగారు నీడ చూసుకుని మధ్యాహ్నానికి పిల్లను గేటు దగ్గరికి తెచ్చేది. కూత మాత్రం వచ్చేది కాదు. పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. కావలివాడు కసిరేవాడు. కొన్నాళ్ళకు ఆ ముసలామె ఏడుపు ఆపడానికి పిల్లకు ఆవగింజంత నల్లమందు నాకించసాగింది. తవిటమ్మ వచ్చేసరికి పిల్ల మత్తులో ఉండి రొమ్ము పట్టేది కాదు.

ఒకరోజు ఆమె గేటు దగ్గర మొగుణ్ణి నిలదీసింది. "మావా, కూతకి ముందే నా పాలు చేపేస్తన్నాయి. రైక తడిసిపోతంది. ఈ గడియారం ఏదో దొంగపని సేస్తంది."

గురువులు నవ్వాడు. "దొరల గడియారం అబద్ధమాడతాదేటే? నీ పాలకేటి తెల్సు టైము?"

పక్కవాళ్ళు పగలబడి నవ్వారు. "ఒరే గురువులూ, రేపట్నుంచి కూత మీ ఆడదాన్నే ఏయమందుమేట్రా!"

"నవ్వండి, నవ్వండి. నా పిల్ల మత్తులోనే కన్ను మూసినాక మరింత నవ్వుదురుగాని" అని ఆమె లోపలికి పోయింది.

తవిటమ్మ చెప్పింది నిజం. రోజూ పదిగంటలకు, అందరూ పనిలో ఉండగా, కనకరాజుగారు నిచ్చెన ఎక్కేవారు. తాళం తీసి, నన్ను తాకి కళ్ళకద్దుకుని, నా పెద్దముల్లును వెనక్కి నెట్టేవారు. మొదట పది నిమిషాలు, పోనుపోను అరగంట. సాయంత్రం జనం వెళ్ళాక మళ్ళీ ముందుకు జరిపేవారు. ఆ దండం నాకో, తన భయానికో నాకు అర్థమయ్యేది కాదు.

పిల్ల మాట గురువులుకు గుచ్చుకుంది. మర్నాడు జ్వరమని పని మానేసి, రోడ్డు దాటి రైలు స్టేషను గడియారం కింద నిలబడ్డాడు. అక్కడ పన్నెండు కాగానే పరుగెత్తుకొచ్చి, గేటు ఊచలు పట్టుకుని నన్ను చూశాడు. నా ముఖాన పదకొండున్నర. సరిగ్గా అప్పుడే, కూత దాకా ఆగలేక, కుట్టుషెడ్డులోంచి తవిటమ్మ బయటికి వచ్చింది. రైక ముందంతా తడి. గురువులు ఆమెను, నన్ను మార్చి మార్చి చూసి గావుకేక పెట్టాడు.

"ఒరే, మన టైము దొంగిలిస్తన్నార్రా!"

మగ్గాలు ఆగాయి. మూడు రోజులు మిల్లు నడవలేదు. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని గేటుకు అడ్డంగా కూర్చున్నారు. నాలుగోనాడు మిల్లు దొర దిగివచ్చి, నా తాళంచెవి పనివాళ్ళ కమిటీకి ఇస్తానన్నాడు. అప్పుడే ఏర్పడిన ఆ కమిటీలో గురువులుతో కలిపి ఐదుగురు, ఐదుగురూ మగవాళ్ళే. దొర ఒక షరతు పెట్టాడు. చంటిపిల్లల తల్లులకు ఇక మిల్లులో పని ఉండదు. కమిటీ ఒప్పుకుంది.

"ఇంటికాడుంటే పిల్లకీ మంచిదేనే" అన్నాడు గురువులు.

"టైము సెప్పింది నాను. నన్నే బయటికి పంపేస్తారేటి మావా?"

తవిటమ్మ పిల్లను ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. పిల్లకు నల్లమందు తప్పింది, కళకళలాడింది. అందుకని గురువులును పూర్తిగా తప్పుపట్టలేను, మెచ్చుకోనూలేను.

మిల్లు మూతపడ్డాక నన్ను యూనియన్ ఆఫీసు గోడకు మార్చారు. ఎదురుగా ఆ ఐదుగురి ఫొటో. స్టేషను నుంచి నిజమైన టైము తెచ్చినవాడని గురువులుకు ఏటా దండ వేస్తారు. తడిసిన రైక మాట ఎవరూ ఎత్తరు.

నాకు మాత్రం మిల్లు నడిచిన రోజులే గుర్తొస్తాయి. పని పోయాక తవిటమ్మ మధ్యాహ్నం మొగుడికి అన్నం క్యారేజీ తెచ్చేది. అప్పటికి నేను నిమిషం తప్పకుండా నడుస్తున్నాను. అయినా ఆమె ముందు కాళ్ళ దగ్గర తన నీడ చూసుకునేది. తరువాత తలెత్తి నన్ను చూసేది. ఆ తరువాత మొగుడి మొలతాడుకు వేలాడుతున్న నా తాళంచెవిని కాసేపు చూసి, అప్పుడు క్యారేజీ కింద పెట్టేది.